పిల్లల చేతికి ఒక పని ఇచ్చి చూడండి

నేను మీ పిల్లలకు ఏడో తరగతిలో ఇంగ్లీష్ చెప్పే టీచర్‌ని. ఏటా 'ఎ పిక్నిక్' అనే ఎస్సే దిద్దుతుంటాను. 40 నోట్‌బుక్‌లు ఉంటే దాదాపు అన్నిట్లో ఒకటే పిక్నిక్. పొద్దున్నే బస్సెక్కారు, వాతావరణం చాలా బాగుంది, ఆటలాడారు, రుచికరమైన భోజనం చేశారు, బాగా ఎంజాయ్ చేశారు. గ్రామర్ తప్పులుండవు కాబట్టి మార్కులు వేయక తప్పదు. కానీ ఆ భోజనంలో ఏముందో, ఎవరు వండారో ఎవరూ రాయరు. ఇదంతా గైడ్‌ల పుణ్యమే అనుకునేదాన్ని. ఒక ఆదివారం నాకు వేరే అనుమానం పుట్టించింది.

రెండేళ్ల క్రితం మే సెలవుల్లో టర్కీ వెళ్లాను. పీజీలో నా హాస్టల్ రూమ్‌మేట్ అక్కడి అమ్మాయే. వాళ్లది బుర్సా. ఊరిని ఆనుకునే ఉలుదా అనే కొండ ఉంటుంది. పేరుకు అర్థం 'మహా పర్వతం'. ఎత్తు 2,543 మీటర్లు. ఊళ్లోంచి పైకి 1963 నుంచే కేబుల్ కార్ ఉంది, నాకేమో అదెక్కాలని ఆశ. కానీ బొగ్గులు, గిన్నెలు, మాంసం, చాపలు, నాయనమ్మ, ఇవన్నీ కారులోనే వెళ్లాలి కదా. ఘాట్ రోడ్డు మన శ్రీశైలం దారిని గుర్తు చేసింది. పైకి వెళ్లేసరికి శిఖరం దగ్గర ఇంకా మంచు కనిపిస్తోంది. హైదరాబాద్ మే ఎండల్లోంచి వెళ్లిన నాకు పళ్లు టకటకలాడాయి.

అక్కడివాళ్లు ఇలాంటి ఆదివారాన్ని 'మంగల్' అంటారు. మంగల్ అంటే బొగ్గుల కుంపటి. కుంపటి పేరే విహారానికీ పెట్టేసుకున్నారు. నాయనమ్మను 'బాబాఅన్నె' అంటారు. బాబా అంటే నాన్న, అన్నె అంటే అమ్మ. మన నాయన, అమ్మ కలిస్తే నాయనమ్మ అయినట్టే! నన్ను పిల్లలు 'అబ్లా' అన్నారు, అంటే అక్క. పరాయి ఊరిలో ఉన్నానన్న సంగతి సగం అక్కడే మర్చిపోయాను.

ఇక అసలు విషయానికి వస్తాను. కారు దిగగానే ఎవరి పని వాళ్లు అందుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నాన్నగారు నిప్పు రాజేసి, అట్టముక్కతో విసురుతూ కూర్చున్నారు. బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర వచ్చేదాకా ఒక్క ముక్కనీ పెట్టనివ్వలేదు. మంట మీద పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుందట. ఆకలితో అరగంట ఆగాం. నాయనమ్మ ముందురోజు రాత్రే ఉల్లిపాయ, జీలకర్ర వేసి పిసికి పెట్టిన ఖీమాను 'కొఫ్తె' బిళ్లలుగా ఒత్తుతోంది. చెల్లెలు టీ బాధ్యురాలు. ఆ అమ్మాయి ఎనిమిదో తరగతి. హైస్కూల్ సీటు కోసం దేశమంతా రాసే పరీక్ష ఆమెకు జూన్‌లో ఉంది. టెస్ట్ పుస్తకం కారులో పెట్టుకునే వచ్చింది. అక్కడా కోచింగ్‌లున్నాయి, ర్యాంకుల బెంగ ఉంది. వాళ్లేదో మనకన్నా గొప్పవాళ్లని చెప్పడానికి ఇది రాయడం లేదు. పుస్తకం కారులో ఉంచి, ముందు టీ పెట్టింది. అంతే తేడా.

అయిదో తరగతి తమ్ముడికి మూడు పనులు. ఒకటి, సలాడ్. టమాటా, కీర, ఉల్లిపాయ, పచ్చిమిర్చి సన్నగా కోసి నిమ్మకాయ పిండాలి. రెండోది నా వల్ల వచ్చింది. నేను బీఫ్ తిననని ముందే చెప్పాను. నా కోసం చికెన్ రెక్కలు, వంకాయలు వేరే చిన్న ఇనుప జాలీ మీద కాల్చారు. దాని మీదికి ఇంకేదీ రాకుండా చూసే కాపలా వాడిది. వాళ్ల నాన్న పొరపాటున అటు పట్టకారు చాపితే వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. పదేళ్ల పిల్లాడు నా తిండి నియమాన్ని నాకన్నా జాగ్రత్తగా కాపాడాడు.

ఉల్లిపాయ కోస్తుండగా వాడి వేలు తెగింది. చిన్న గాటే, కానీ నెత్తురు కనిపించింది. నేను గబుక్కున లేచాను. వాళ్లమ్మ వేలు కడిగి, చూసి, టిష్యూ చుట్టి, చాకు మళ్లీ వాడి చేతికే ఇచ్చింది. వేళ్లు ఎలా ముడుచుకోవాలో ఒకసారి చూపించి, పక్కనే నిలబడింది. నాకు ఇప్పటికీ ఆ నిమిషమే ఎక్కువగా గుర్తొస్తుంది. నేనైతే చాకు లాక్కునేదాన్ని. నిజం చెప్పాలంటే, మనలో చాలామందిమి లాక్కుంటాం.

తినేటప్పుడు నాయనమ్మ సలాడ్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, వాడి వైపు తిరిగి 'ఎలినే సాలిక్' అంది. నీ చేతికి ఆరోగ్యం కలగాలి అని అర్థం. వండినవాళ్లతో అక్కడ అందరూ అనే మాటే. కానీ టిష్యూ చుట్టుకున్న ఆ చేతికి అది సరిగ్గా అతికింది. వాడు ఏమీ అనలేదు, ఇంకో రెండు చెంచాలు ఆమె పళ్లెంలో వేశాడు.

మూడో పని చివరిది. అక్కడ అడవిలో నిప్పు పెట్టడానికి అనుమతి ఉన్న చోట్లే పెట్టాలి. వెళ్లేముందు వాడు బొగ్గుల మీద నీళ్లు పోసి, పుల్లతో కలిపి, మళ్లీ పోసి, పైన అరచెయ్యి పెట్టి వేడి చూశాడు. వాడు సరే అనేదాకా కారు కదల్లేదు.

సెలవులయ్యాక ఈ ఉత్సాహంతో మా సెక్షన్‌కి ఒక హోంవర్క్ ఇచ్చాను. ఇంట్లో వంటలో ఒక పనిలో సాయం చేసి, దాని గురించి పది వాక్యాలు రాయండి అని. సోమవారం ఒక పేరెంట్ ఫోన్ చేశారు. "మేడమ్, చెయ్యి కాలితే ఎవరు బాధ్యులు? ఇంత ఫీజు కట్టేది వంట నేర్చుకోవడానికా?" నేను సారీ చెప్పాను. పెద్దవాళ్లు పక్కనే ఉండాలని డైరీలో రాయకపోవడం నా తప్పే. కానీ రెండో ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

జవాబు మర్నాడు దొరికింది. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడింది. "మేడమ్, పోపులో ఆవాలు చిటపటలాడటాన్ని ఇంగ్లీష్‌లో ఏమంటారు?" 'స్ప్లటర్' అని చెప్పాను. ఎగిరిన ఆవగింజ ఒకటి తన గడ్డం మీద పడిందనీ, అమ్మమ్మ నవ్విందనీ రాసింది. తొమ్మిది గ్రామర్ తప్పులున్నాయి. ఆ ఏడాది నేను రెండుసార్లు చదివిన ఎస్సే అదొక్కటే. ఒకేకులరీ లిస్టులో ఆ మాట నేనే ఇచ్చి ఉంటే శుక్రవారానికి మర్చిపోయేది. తనకు కావలసి వచ్చింది కాబట్టి అడిగింది. మీరు ఫీజు కట్టేది ఆ ప్రశ్న కోసమే సార్, అని ఆ పేరెంట్‌కి అప్పుడే చెప్పి ఉండాల్సింది.

మనకూ కార్తీకమాసంలో వనభోజనాలున్నాయి. ఉసిరిచెట్టు కింద పొయ్యి పెట్టి, పిల్లలతో నీళ్లు మోయించి, ఆకులు కడిగించేవారని మా అమ్మ చెబుతుంది. ఇప్పుడు కేటరింగ్ వ్యాన్ వస్తోంది, పిల్లలు చెట్టు కింద ఫోన్ చూస్తున్నారు. పెద్దవాళ్లకు సుఖంగానే ఉంది, నాకూ సుఖంగానే ఉంది. పిల్లలకు మాత్రం రాయడానికి ఏమీ మిగలడం లేదు.

ఆదివారాలన్నీ వర్క్‌షీట్లతో నింపేది నాలాంటి టీచర్లే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. అందుకే ప్రిన్సిపల్ మేడమ్ అనుమతితో, ఈ నెల రెండో ఆదివారం మా సెక్షన్‌కి ఏ వర్క్‌షీటూ ఇవ్వడం లేదు. బయటికి వెళ్లినా, ఇంట్లోనే ఉన్నా ఒక పని మీ అబ్బాయికో అమ్మాయికో ఇవ్వండి, పక్కనే నిలబడండి. ఈసారి డైరీలో ఆ మాట పెద్ద అక్షరాలతో రాశాను. సోమవారం ఫస్ట్ పీరియడ్‌లో నేను అడగబోయేది ఒకటే: మీ ఇంట్లో నిన్న ఉల్లిపాయలు ఎవరు కోశారు?