పోటీ అడిగితే అమర్యాదా?

నిఖత్ జరీన్ గొప్పా, మేరీ కోమ్ గొప్పా? ఈ మాట ఎత్తితే చాలు, మా ఇంట్లో అన్నం చల్లారిపోతుంది. మా పెద్దనాన్న కొడుకు మేరీ కోమ్ పక్షం. నేనేం చెప్పబోయినా అన్న దగ్గర ఒకే జవాబు ఉంటుంది: "తొమ్మిది–ఒకటి!" అంతటితో వాదన అయిపోయినట్టు చెయ్యి కడుక్కుని లేచిపోతాడు. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

విషయం తెలియనివాళ్ళ కోసం ముందు జరిగింది చెబుతాను. టోక్యో ఒలింపిక్స్‌కు ఆడవాళ్ళ 51 కిలోల విభాగంలో మన దేశం నుంచి ఒక్కరే పోవాలి. మేరీ కోమ్ అప్పటికే ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. 2019 ప్రపంచ పోటీల్లోనూ కాంస్యం తెచ్చింది. అందుకని ఆమెను ట్రయల్ లేకుండానే ఒలింపిక్ క్వాలిఫయింగ్ పోటీలకు పంపాలన్న ఆలోచన వచ్చింది. అంతకుముందు ఆ ఏడాది ప్రపంచ పోటీలకు కూడా ఆమెను అలాగే పంపారు. అప్పుడు నిజామాబాద్ అమ్మాయి నిఖత్, 23 ఏళ్ళది, కేంద్ర క్రీడా మంత్రి కిరెన్ రిజిజుకు బహిరంగ లేఖ రాసింది. నన్ను పంపండి అని అడగలేదు. ట్రయల్ పెట్టండి అని అడిగింది, అంతే. చివరికి 2019 డిసెంబర్ 28న ఢిల్లీలో ఇద్దరికీ బౌట్ జరిగింది. మేరీ కోమ్ 9–1తో గెలిచింది. బౌట్ అయ్యాక నిఖత్‌కు చెయ్యి కలపలేదు.

అన్న చెప్పేది ఏమిటంటే, ఆరు ప్రపంచ టైటిళ్ళున్న మనిషిని పరీక్ష పెట్టమనడం అమర్యాద. పైగా అడిగి ఓడిపోయింది కాబట్టి నిఖత్ పరువు పోయింది. మా బడిలో కూడా చాలామంది ఇదే అంటారు. నేను ఒప్పుకోను.

ఇక్కడ రెండు వేరు వేరు ప్రశ్నలున్నాయి. ఇంతవరకు ఎవరు ఎక్కువ సాధించారు? ఇది ఒకటి. ఈ రోజు రింగులో ఎవరు గెలుస్తారు? ఇది రెండోది. అందరూ మొదటిదానికి జవాబు చెప్పి, రెండోదానికి కూడా చెప్పేశామనుకుంటారు.

మొదటి ప్రశ్నలో నాకు ఏ గొడవా లేదు. మేరీ కోమ్ 2002, 2005, 2006, 2008, 2010, 2018 సంవత్సరాల్లో ప్రపంచ టైటిళ్ళు గెలిచింది. 2007లో కవల పిల్లలు పుట్టారు, మరుసటి ఏడాదే మళ్ళీ ఛాంపియన్ అయింది. ఆమె మొదటి టైటిల్ గెలిచిన రోజుల్లో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ బాక్సింగే లేదు. 2012లో పెట్టినప్పుడు అన్నిటికంటే తక్కువ బరువు విభాగం 51 కిలోలు. ఆమె టైటిళ్ళన్నీ 45 నుంచి 48 కిలోల లోపువి. అంటే తనకంటే బరువైనవాళ్ళతో కొట్లాడి ఆ కాంస్యం తెచ్చింది. నిఖత్‌కు రెండు ప్రపంచ టైటిళ్ళున్నాయి: 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోలు, 2023లో ఢిల్లీలో 50 కిలోలు. లెక్క ఆరు, రెండు. ఇందులో వాదించేదేముంది?

రెండో ప్రశ్నకు మాత్రం పుస్తకంలో జవాబు ఉండదు. బాక్సింగ్‌లో సూపర్ మిడిల్‌వెయిట్ అని ఒక విభాగం ఉంది, 168 పౌండ్లు, అంటే 76 కిలోల పైచిలుకు. అన్నే నాకు యూట్యూబులో ఆ పాత బౌట్లు చూపించాడు. అమెరికాకు చెందిన రాయ్ జోన్స్ జూనియర్ 1994లో జేమ్స్ టోనీని ఓడించి ఈ బరువులో ఛాంపియన్ అయ్యాడు. రెండేళ్ళకే పై బరువుకు పోయాడు. వేల్స్‌కు చెందిన జో కాల్జాగీ 1997లో క్రిస్ యూబ్యాంక్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు, పదేళ్ళకు పైగా టైటిల్ పోగొట్టుకోలేదు. ఇద్దరిలో ఎవరు గొప్ప? మంచి వయసులో వాళ్ళు ఒకరితో ఒకరు కొట్లాడలేదు. 2008 నవంబర్‌లో న్యూయార్క్‌లో ఎదురుపడేసరికి జోన్స్‌కు 39 ఏళ్ళు, కాల్జాగీకి 36. బరువు కూడా వేరే. కాల్జాగీ గెలిచాడు. అయినా "అప్పుడే పెట్టుంటేనా!" అని జనం ఇప్పటికీ అంటూనే ఉన్నారు. సరైన సమయంలో పోటీ జరగకపోతే మిగిలేది ఈ మాటే.

మేరీ కోమ్ విషయంలో అలా అనడానికి ఎవరికీ వీలు లేదు. ఎందుకు లేదు? నిఖత్ అడిగింది కాబట్టి. అన్నా, నువ్వు నా నోరు మూయించడానికి వాడే ఆ తొమ్మిది–ఒకటి ఎక్కడి నుంచి వచ్చింది? నిఖత్ రాసిన లేఖ నుంచి వచ్చింది! ట్రయల్ లేకుండా పంపి ఉంటే, పాత పేరు చూసి పంపారు అనే మాట మేరీ కోమ్ వెంట టోక్యో దాకా పోయేది. బౌట్ పెట్టినందువల్ల గెలిచి పోయింది. దానివల్ల ఆమె మర్యాద తగ్గిందా, పెరిగిందా? మీరే చెప్పండి.

చెయ్యి కలపకపోవడం గురించి కూడా ఒక మాట. ఆమె కోపంలో ఉంది, నాకు అర్థమవుతుంది. ఇరవై ఏళ్ళు దేశానికి ఆడినదాన్ని అనుమానించారని బాధ కలిగి ఉంటుంది. కానీ గెలిచినవాళ్ళు చెయ్యి చాపితేనే పోటీ పూర్తవుతుంది. ఓడినవాళ్ళు అంతకంటే ఏం అడుగుతారు?

నిజామాబాద్ పిల్ల అని నేను వెనకేసుకొస్తున్నానని అన్న అంటాడు. నిజమే, 1956 దాకా మన రాయచూరు, నిజామాబాద్ రెండూ ఒకే హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లాలు. మా తాత ఇప్పటికీ అటువాళ్ళను మనవాళ్ళనే అంటాడు. అయితే నా వాదన దానిమీద నిలబడలేదు. రేపు నిఖత్ సీనియర్ అయి, నాకు ట్రయల్ వద్దు అంటే, ఆమెకు వ్యతిరేకంగా కూడా ఇలాగే రాస్తాను.

ఇంత పట్టుగా ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. పోయిన ఏడాది తాలూకా పోటీలకు 200 మీటర్ల పరుగులో ఒక అక్క పేరు ముందే రాసేశారు. అంతకుముందు జిల్లా దాకా పోయింది కాబట్టి ఆమే అని అందరూ అనుకున్నారు. "ఒక్కసారి పరిగెత్తించి చూడండి సార్" అని నేను అడిగాను. క్లాసంతా నవ్వింది. "పెద్దపిల్లతో నీకు పంతమేంటే?" అని ఇంట్లో అమ్మ కూడా తిట్టింది. చివరికి ఒక సాయంత్రం పరిగెత్తించారు. నేను ఓడిపోయాను, మూడు నాలుగు అడుగుల తేడాతో. అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి, మలుపు దగ్గర నేను బయటికి పోతున్నానని, లోపలి గీత పట్టుకుని పరిగెత్తమని చూపించింది. ఆ మాట నాకు ఇంకెవరు చెప్పేవాళ్ళు? ఓడిపోయినందుకు ఇప్పటికీ ఎక్కిరిస్తారు. ఎక్కిరించనీ. నాకూ తనకూ ఎంత తేడా ఉందో నాకు తెలిసింది, వాళ్ళకు వాళ్ళ సంగతి తెలియదు.

నిఖత్‌కు కూడా తెలిసింది. ఓడిన రెండున్నరేళ్ళకు, 2022 మేలో, ప్రపంచ ఛాంపియన్ అయింది. అప్పుడు మేరీ కోమ్ అభినందనలు చెప్పింది. అందుకే పోటీ అడిగితే బంధం తెగిపోతుందనే మాట నేను నమ్మను.

మా సార్లకు, మేడంలకు ఒక మనవి. ఈ ఏడాది ఏ ఆటకైనా పేర్లు రాసే ముందు ఒక రోజు గ్రౌండులో అందరినీ పిలిచి ట్రయల్ పెట్టండి. పోయిన ఏడాది గెలిచినవాళ్ళను ముందు నిలబెట్టి చప్పట్లు కొడదాం, తర్వాత వాళ్ళు కూడా గీత మీదికి రావాలి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ అమ్మాయి పెద్దవాళ్ళతో పోటీకి దిగుతానంటే తిట్టకండి. ఓడి వస్తే అన్నం పెట్టి, మళ్ళీ పంపండి.

అన్నా, ఇది అచ్చయ్యాక నీకే మొదట చూపిస్తాను. జవాబు చెప్పాలనుకుంటే చెయ్యి కడుక్కోక ముందే చెప్పు.