సైకిలు దిగకుండా ఊరు దాటుదాం

సైకిలు తొక్కడం కొందరికి సరదా. పట్నాల్లో ఆదివారం పూట ఖరీదైన సైకిళ్లేసుకొని వంద కిలోమీటర్లు తిరిగొస్తారు. పల్లెటూళ్లు ఎంత బాగున్నాయోనని మురిసిపోతారు. మురవనీండి, మాకేం కోపం లేదు. కాకపోతే వాళ్లను ఏ ఊళ్లోనూ ఎవరూ "దిగి నడువురా" అనలేదు. మన తాతల్ని అన్నారు. మన నాయనల్ని అన్నారు. తేడా అంతా అక్కడే ఉంది.

ఈ జనవరిలో మేము తొమ్మిది మందిమి, అందులో ముగ్గురు ఆడపిల్లలు, ఒక రోజంతా సైకిళ్లు తొక్కాం. చీరాల విజయనగర్ కాలనీలో తెల్లవారుజామున బయల్దేరి బాపట్ల, పొన్నూరు మీదుగా పొద్దుగూకే వేళకు చుండూరు చేరాం. 1985 జులై 17న కారంచేడులో మనవాళ్లు ఆరుగుర్ని చంపాక, ఊరొదిలి వచ్చినవాళ్లు నిలబడ్డ చోటు ఆ కాలనీ. 1991 ఆగస్టు 6న చంపిన ఎనిమిది మందిని చుండూరు నడిబొడ్డున పూడ్చుకున్న నేల రక్తక్షేత్రం. ఈ రెంటి మధ్య దూరం సైకిలు మీద ఒక్క రోజే.

బయల్దేరేముందే మాలో వాదన వచ్చింది. పెద్ద రోడ్డున పోతే నున్నగా ఉంటుంది, తొందరగా పోవచ్చని ఒకరన్నారు. నిజమే. పెద్ద రోడ్డున మనల్ని ఎవరూ ఆపరు. ఆపేది ఊరి నడివీధిలో. అందుకని వీలైనచోటల్లా రోడ్డు దిగి ఊళ్లలోంచే పోదామనుకున్నాం.

మంచు విడిచేసరికి మాగాణుల్లో మినుము పచ్చగా కనపడింది. కాలవ గట్టున ఎదురుగాలి. ఒక ఊరి బయట మనవాళ్ల పల్లె దగ్గర ట్యూబు పంక్చరయింది. ఆ పంక్చరే మాకు మేలు చేసింది. చెట్టు కింద కూర్చున్న పెద్దాయన మంచినీళ్లు తెప్పించి, మాటల్లో పడ్డాడు.

"నేను కొత్త సైకిలు కొన్నప్పుడు ఊళ్లో తొక్కనిచ్చారా అబ్బాయ్! గుడికాడ దిగితే మళ్లీ చెరువు కట్ట మీదే ఎక్కటం. సైకిలు నన్ను మోసింది తక్కువ, నేను దాన్ని తోసింది ఎక్కువ."

పక్కనే ఆయన మనవడు, మోటారు సైకిలు మీద కూర్చొని వింటున్నాడు. "నువ్వూ దిగుతావా తమ్ముడూ?" అనడిగాం. "నేనెందుకు దిగుతానన్నా? అసలు ఆ వీధినే పోను. చుట్టూ తిరిగి పోతా" అన్నాడు.

విన్నారా? దిగడం పోయింది, చుట్టుదారి మిగిలింది. మనం మార్పు వచ్చిందనుకుంటున్నది చాలాచోట్ల ఇదే.

ఇదంతా పాత ముచ్చట అనేవాళ్లు ఒకసారి చట్టం చూడండి. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దళితుల్ని, ఆదివాసుల్ని బహిరంగ స్థలాల్లో సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఎక్కనీయకపోయినా, చెప్పులు, కొత్తబట్టలు వేసుకోనీయకపోయినా, పెళ్లి ఊరేగింపు తీయనీయకపోయినా నేరమే. ఆర్నెల్ల నుంచి అయిదేళ్ల దాకా జైలు, పైగా జరిమానా. లేని రోగానికి మందు రాయరు గదా!

అయితే చట్టం ఒక్కటే మనల్ని నడివీధిలోంచి తీసుకుపోదు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు శిక్ష పడ్డవాళ్లందర్నీ వదిలేసింది. ఆ సంగతి మరిచిపోయి చట్టాన్ని నమ్ముకొని కూర్చోలేం.

ప్రయాణంలో అవమానం మనకు కొత్త కాదు. 1901లో పిల్లవాడైన అంబేడ్కర్ మసూరు స్టేషన్లో దిగితే బండివాళ్లు ఎక్కించుకోలేదు. రెట్టింపు బాడుగిచ్చి, పిల్లలే బండి తోలుకుంటే, బండివాడు పక్కన నడిచాడు. దారిపొడుగునా తాగటానికి నీళ్లు దొరక్క తెచ్చుకున్న అన్నం కూడా తినలేకపోయారు. 1983లో కాన్షీరాం ఉత్తరాదిలో సైకిలెక్కి ఊరూరా తిరిగింది ఊరికే కాదు. సైకిలు మీద వచ్చినవాడు మన గడప ముందు ఆగుతాడు. కారులో వచ్చినవాడు విగ్రహానికి దండేసి పోతాడు. ఈ మాట నాయకులకే కాదు, మాకూ తగులుతుంది.

ఆ మనవణ్ణి మా సైకిలు క్యారేజీ మీద కూర్చోబెట్టుకొని నడివీధిలోంచే పోయాం. అరుగు మీదినుంచి ఒకాయన "ఎవుర్రా మీరు? ఏ ఊరు?" అన్నాడు. "చీరాల నుంచి. చుండూరు పోతున్నాం" అన్నాం. మళ్లీ ఏమీ అడగలేదు. ఊరు దాటాక కుర్రాడు దిగి, "అన్నా, మళ్లీ ఎప్పుడొస్తారు?" అన్నాడు.

ఆ ప్రశ్న మమ్మల్ని రక్తక్షేత్రం దాకా వదల్లేదు. మేమొస్తేగానీ అతను తన ఊరి వీధిలో పోలేడంటే, మా యాత్ర సరదా తిరుగుడే అవుతుంది.

అందుకే సంఘాలకు మా మనవి. ఏ ఊరివాళ్లు ఆ ఊళ్లోనే ఒక రోజు పెట్టుకోండి. పదిమంది కలిసి పోండి. ఆడపిల్లల్ని ముందుంచండి. తగాదాకు పోవద్దు, తగ్గనూ వద్దు. ఎవరైనా ఆపితే రోజు, వేళ, అన్న మాట, విన్నవాళ్ల పేర్లు రాసిపెట్టుకోండి. రేపు కేసుకు అవే ఆధారం.

ఆ వీధి పంచాయతీది. అంటే మనది కూడా. బెల్లు కొట్టి పోదాం. దిగొద్దు, చుట్టూ తిరగొద్దు.