మెదడు సాక్ష్యము, వేలిముద్ర సమ్మతి

నేరము మోపబడినవాని నోట నిజము పలికించుటకై మన పూర్వులు త్రాసును, అగ్నిని, జలమును, విషమును, దేవతాతీర్థమును ఆశ్రయించిరి. యాజ్ఞవల్క్య స్మృతి వీనిని దివ్యములని పేర్కొనగా, ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను అనుసరించి పదమూడవ శతాబ్దిలో కేతన తెనుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను. దివ్యములు పోయినవి గాని వాని వెనుకనున్న ఆశ పోలేదు. సాక్షి లేని తగవు వచ్చినప్పుడు "కాణిపాకం పోదాం రా, దేవుని ముందర ప్రమాణం చెయ్" అనుట రాయలసీమలో నేటికిని వినబడు మాటయే. ఆ ఆశయే మన కాలమున రెండు కొత్త రూపులు దాల్చినది: నరమునకు ఎక్కించు మందు ఒకటి, తలకు తగిలించు తీగలు మరియొకటి.

2019 మార్చి 15న పులివెందులలో మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య జరిగిన పిమ్మట, అనుమానితులకు ఆ మందు పరీక్షను, అనగా నార్కో పరీక్షను, చేయించుటకై దర్యాప్తు అధికారులు న్యాయస్థానము అనుమతి కోరినప్పుడు, ఆ పేరు సీమలోని టీ అంగళ్ల ముందర మరల నానినది. నాయకులు మైకు ముందు నిలిచి "నేను నార్కో పరీక్షకు సిద్ధం, నీవు సిద్ధమా?" అని ఒకరినొకరు సవాలు చేసికొనుటయు పరిపాటియైనది, సవాలు చేసినవారెవ్వరును ఆ పరీక్ష బల్లమీద పండుకొన్నట్లు మాత్రము నేను వినలేదు. పండుకొనవలసివచ్చువాడు వేరొకడు. నా చింత వానిని గూర్చినది.

ఆ బల్ల మనకు దూరమున లేదు. వైద్యమునకు, చదువునకు, కరువునాట కూలికి అనంతపురమువారు పట్టు బెంగళూరు బాటయే నార్కో పరీక్షలకును బాట. ఈ శతాబ్ది తొలి దశకములో దేశమంతట పేరుమోసిన కేసులలోని నిందితులను అచ్చటి ఫోరెన్సిక్ ప్రయోగశాలకే తీసికొనివచ్చుచుండిరి. అచ్చట వాడిన మందు సోడియం పెంటోథాల్, అనగా శస్త్రచికిత్సకు ముందు రోగిని నిద్రపుచ్చుటకు వైద్యులు వాడునదే. దానిని కొద్దికొద్దిగా ఎక్కించినచో మనిషి మెలకువకును నిద్రకును నడుమ తూగుచు, సంకోచము సడలి, అడిగినదానికెల్ల బదులు చెప్పును. చెప్పునది నిజమేనా? సంకోచము సడలిన నోట నిజము వచ్చును, కల వచ్చును, పగటి కోరిక వచ్చును, అడుగువాడు ప్రశ్నలోనే పెట్టి అందించిన జవాబును వచ్చును. వీనిలో ఏది ఏదియో వేరుచేయు జల్లెడ ఆ మందులో లేదు. మోతాదు కొంచెము మించినచో ఊపిరికే మోసము.

తీగల పరీక్ష మరింత శాస్త్రీయముగా కనబడును. తనకు తెలిసిన వస్తువును చూచినప్పుడో మాటను విన్నప్పుడో మనిషి మెదడులో ఇంచుమించు 300 మిల్లీసెకన్లకు ఒక విద్యుత్తరంగము లేచును. దీనిని పి300 అందురు. నేరస్థునికి మాత్రమే తెలిసిన సంగతిని చూపి ఆ తరంగము లేచినదో లేదో కనిపెట్టుటయే పరీక్ష. ఈ పద్ధతిని ధర్మవరము దగ్గరనో కళ్యాణదుర్గము దగ్గరనో ఒక పల్లెలో పెట్టి చూడుడు. కల్వర్టు దగ్గర హత్య జరిగినది, వేటకొడవలి దొరికినది. తెల్లవారునప్పటికి ఊరంతయు ఆ కల్వర్టు దగ్గర మూగినది, కొడవలి పిడికి చుట్టిన గుడ్డ ఏ రంగుదో చంకబిడ్డల తల్లులు సైతము చూచిరి, పగలంతయు రచ్చకట్టమీద దానినే చెప్పుకొనిరి. ఇక ఆ కొడవలి బొమ్మను చూపినచో తరంగము లేవని మెదడు ఆ ఊరిలో ఎవ్వరిది? గుర్తుపట్టుట వేరు, చేయుట వేరు. పొద్దున పాలు పోయుటకు పోయి శవమును మొదట చూచిన అభాగ్యుని మెదడు, హంతకుని మెదడుకన్న గట్టిగా పలుకవచ్చును.

కేవలము ఎరిగినదానిని, స్వయముగా చేసినదానిని వేరుచేయగలమని ఇంకొక పద్ధతివారు చెప్పిరి. దానిని రూపొందించిన సి.ఆర్. ముకుందన్ బెంగళూరు నిమ్హాన్సులో పనిచేసిన నాడీమనస్తత్త్వవేత్త. 2008 జూనులో పుణె న్యాయస్థానము ఒక విద్యార్థినికి హత్యానేరముపై శిక్ష విధించుచు ఆ పరీక్షా ఫలితమును కూడ సాక్ష్యముగా గైకొన్నది; ప్రపంచములోని నాడీశాస్త్రజ్ఞులు విస్తుపోయిరి. ఆ సంవత్సరముననే, అదే నిమ్హాన్సు సంచాలకుడు డి. నాగరాజ అధ్యక్షుడుగా ఉన్న నిపుణుల సంఘము మెదడు పరీక్షలకు తగిన శాస్త్రీయాధారము లేదనియు, న్యాయస్థానములలో వానిని సాక్ష్యముగా వాడరాదనియు చెప్పినది. ఒకే విద్యాసంస్థ నీడన పెరిగిన పద్ధతిని ఆ సంస్థ పెద్దయే త్రోసిపుచ్చెను. శాస్త్రము తన్ను తాను దిద్దుకొనుటకు సిగ్గుపడలేదు. పోలీసు శాఖలకే ఆ తొందర లేకపోయినది.

2010 మే 5న సెల్వి కేసులో ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్, న్యాయమూర్తులు ఆర్.వి. రవీంద్రన్, జె.ఎం. పాంచాల్ గల సుప్రీంకోర్టు ధర్మాసనము నార్కో, పాలిగ్రాఫ్, మెదడు పరీక్షలను బలవంతముగా చేయుట రాజ్యాంగములోని 20(3), 21 అధికరణములకు విరుద్ధమని తీర్పు చెప్పినది. వేలిముద్ర తీసికొనుట నిందితుని తనకు తానే సాక్షిని చేయుట కాదని 1961లో కాఠీ కాలూ ఓఘడ్ కేసులో ఆ న్యాయస్థానమే చెప్పియుండెను. వేలిముద్ర చర్మమునకు సంబంధించినది, మెదడు పలుకు జవాబు మనిషి మనస్సుకు సంబంధించినది అను భేదమును సెల్వి తీర్పు నిలిపినది. మన న్యాయచరిత్రలో గర్వింపదగిన తీర్పులలో ఇది యొకటి. అయినను అందులో ఒక కిటికీ తెరచియే యున్నది. నిందితుడు తానై సమ్మతించినచో పరీక్ష చేయవచ్చును. పరీక్షలో పలికిన పలుకు సాక్ష్యము కాదు గాని, ఆ పలుకును పట్టుకొని పోలీసులు కనుగొన్న ఆయుధమో శవమో సాక్ష్యము కాగలదు. అప్పటి సాక్ష్య చట్టములోని 27వ సెక్షను 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో 23వ సెక్షనుగా కొనసాగుచున్నది. కనుక భారమంతయు ఒక్క సమ్మతి మీదనే పడినది.

ఆ సమ్మతి ఎట్లు పుట్టునో అనంతపురము జిల్లాలో స్టేషను మెట్లెక్కినవారికి చెప్పనక్కరలేదు. సంవత్సరమునకు 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన కురియు నేల ఇది. శనగకాయ పంటకు అప్పుచేసి, ఊడలు దిగువేళ వాన మొగము చాటేయగా, బోరు వేయుటకు మరల అప్పుచేసినవాడు అనుమానితుల జాబితాలో చేరును. ఎదుటివాడు కొట్టడు, తిట్టడు, బీడీ ఇచ్చి మెల్లగా చెప్పును: "ఏమీ లేదప్పా, సూది వేయించుకుంటే నీ నిజం నీకే తేలిపోతాది. వద్దంటివా, అనుమానం నీ మీదనే నిలుస్తాది." చట్టమిచ్చిన 'వద్దు' అను మాటయే నేరమునకు గుర్తుగా మారినది. అన్నకు జామీను దొరకలేదు, వకీలుకు ఇయ్యవలసినది లేదు, ఇంట ఎద్దులకు మేత లేదు. కాగితము వచ్చును, బొటనవ్రేలు ముందుకు సాగును. చట్టమునకు ఇది సమ్మతి.

ఇచ్చట మెదడు శాస్త్రమునే పిలిచి సాక్ష్యమడుగుదము. 2013లో సైన్స్ పత్రికలో ప్రకటింపబడిన పరిశోధన యొకటి తమిళనాడులోని 464 మంది చెరకు రైతులను కోతకు ముందు చేయి ఆడని రోజులలో ఒకమారు, కోత తరువాత డబ్బు చేతికి వచ్చినపుడు ఒకమారు పరీక్షించినది. అవే మెదళ్లు లేమిలో తడబడి, కలిమిలో చురుకుగా పనిచేసినట్లు కనబడెను. దానిపై విమర్శలును వచ్చినవి, అవి రావలసినవే. కాని అప్పులవానికి అది కొత్త సంగతి కాదు. మనస్సంతయు వడ్డీ లెక్కలో చిక్కుకొనియుండగా ఎదుటి కాగితములోని మూడవ వాక్యము కంటికి ఆనదు. మనస్సును చదువగలమని చెప్పు శాస్త్రము, ఆ మనస్సు ఎప్పుడు సరిగా ఒప్పుకొనలేదో కూడ చెప్పుచుండగా, ప్రభుత్వము మొదటిదానిని అందిపుచ్చుకొని రెండవదానిని వినకపోవుట న్యాయము గాదు.

హతుని తల్లి కన్నీటికి మీ సమాధానమేమి అని అడుగువారు కలరు. ఆ ప్రశ్న గౌరవింపదగినది. కాని ఆయేషా మీరా హత్య కేసును తలచుకొనుడు: 2008లో పట్టుబడి శిక్షపడిన యువకుని 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషియని విడిచిపెట్టెను. ఆ కేసులో మోసపోయినవారిలో బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులే ప్రథములు. ఎవరినో ఒకరిని తెచ్చి నిలబెట్టుట దర్యాప్తు కాదు. ఆ పనికి సూది ఇంకొక సులువైన దారి చూపును.

ఇతర దేశములు మరింత ముందున్న ప్రమాదములను కూడ తలపోయుచున్నవి. చిలీ 2021లో మెదడు కార్యకలాపమునకు రాజ్యాంగ రక్షణ కల్పించి, 2023లో తలకు పెట్టుకొను ఒక పరికరము సేకరించిన మెదడు సమాచారమును చెరిపివేయుమని ఆ కంపెనీని ఆదేశించినది. మనము అంతదూరము పోవుటకు ముందు ఇంట దీపము పెట్టుకొనవలెను. 2025 జూనులో కూడ సుప్రీంకోర్టు, నిందితులందరికి నార్కో పరీక్ష చేయింతుమని దర్యాప్తు అధికారి చెప్పినదానిని అంగీకరించిన పాట్నా హైకోర్టు ఉత్తర్వును కొట్టివేయవలసివచ్చెను; సెల్వి తీర్పు వచ్చి అప్పటికి పదునైదేండ్లు.

సమ్మతిని మేజిస్ట్రేటు ముందర, వకీలు అందుబాటులో ఉండగా నమోదు చేయవలెననియు, నిందితుడు ఎన్నాళ్లు నిర్బంధములో ఉన్నాడో, ఎట్టి విచారణకు గురియైనాడో మేజిస్ట్రేటు పరిశీలింపవలెననియు జాతీయ మానవహక్కుల సంఘము 2000లోనే మార్గదర్శకములు వ్రాసినది. సెల్వి తీర్పు వానిని పాటింపుమన్నది. ఆ రెండవ నియమము నా దృష్టిలో తక్కినవానికన్న విలువైనది. దానిని అర్థవంతము చేయవలెనన్నచో పోలీసు కస్టడీనుండి నేరుగా తెచ్చినవాని సమ్మతిని అంగీకరింపరాదు. న్యాయసేవాధికార సంస్థ వకీలుతో పోలీసులు లేనిచోట మాట్లాడుకొనుటకు వానికి వ్యవధి ఈయవలెను. పిదప మేజిస్ట్రేటు వానిని వాని మాటలోనే అడుగవలెను: వద్దన్నచో ఏమగునని నీకు చెప్పినారు? ఈ కాగితము నీకు ఎవరు చదివి వినిపించినారు? ఇంటివారితో మాట్లాడితివా? జవాబులను వాడు పలికినది పలికినట్లు వ్రాసికొనవలెను. ఇందుకు కొత్త చట్టము వచ్చువరకు వేచియుండనక్కరలేదు. అనంతపురము కోర్టులో వచ్చు సోమవారమే మొదలుపెట్టవచ్చును.