మైకు ఒక దారి, కీబోర్డు ఒక దారి

మా సంఘములో ఎనభై ఏండ్లు దాటిన మామ్మగారు ఒకరుండేవారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో లేని పాటలు ఆమె నోట పదకొండు ఉండేవి. అవి ఆమెతోనే పోకూడదని ఒక సాయంకాలము గుడిలో మైకు పెట్టి, మా కుర్రవాడొకడు కీబోర్డు వాయించగా, మిక్సరును కంప్యూటరుకు కలిపి రికార్డు చేశాము. “నాయనా, ఆ పెట్టె కొంచెం తగ్గించమను, నా పాట నాకే వినబడటం లేదు” అన్నారామె. తరువాత కంప్యూటరులో తగ్గించవచ్చులే అని మేము నవ్వి ఊరుకున్నాము.

ఇంటికి వెళ్ళి వింటే ఆమె మాటలు సగము కీబోర్డు మోతలో మునిగిపోయినవి. తగ్గిద్దామంటే ఆమె గొంతు కూడా తగ్గిపోయింది!

కారణము తరువాత తెలిసింది. మిక్సరుకు ఎనిమిది వైర్లు గుచ్చినా, చాలా చిన్న మిక్సర్లలో యు.ఎస్.బి. వైరు గుండా కంప్యూటరుకు చేరేవి రెండే దారులు, ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఎనిమిదీ ఆ రెండింటిలోనే కలిసి పోతాయి. పులుసులో కలిసిన ఉప్పును తిరిగి తీయగలమా? (క్రొత్త మిక్సరు కొనేవారు గుచ్చే రంధ్రాలెన్ని అని కాదు, కంప్యూటరుకు విడిగా పోయే దారులెన్ని అని అడగాలి.)

అయితే ఉన్న రెండు దారులనే చెరొకరికి పంచవచ్చును. మైకు మోనో, అనగా ఒకే దారిది. దాని పాన్ నాబ్ మధ్యలో ఉంటే గొంతు రెండు వైపులకూ పోతుంది. దానిని పూర్తిగా ఎడమకు త్రిప్పండి. కీబోర్డు స్టీరియో, రెండు వైర్లది. కాని చాలా కీబోర్డుల వెనుక ఎల్/మోనో అని వ్రాసిన రంధ్రముంటుంది. దాని నుండి ఒక్క వైరే తీసి వేరొక మోనో చానెలుకు గుచ్చి, ఆ నాబ్ పూర్తిగా కుడికి త్రిప్పండి.

ఇక కంప్యూటరులో. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు 2000 నుండి ఉచితముగా దొరుకుచున్నది. రికార్డు చేసే పరికరముగా మిక్సరును ఎంచి, చానెళ్ళు 2 స్టీరియో అని పెట్టాలి. 1 మోనో అని ఉంటే మన శ్రమ వృథా. మీటరు మైనస్ 12, మైనస్ 6 మధ్య ఆడితే చాలును. సున్నా తాకితే గొంతు చిట్లుతుంది, దానికి మందు లేదు. పాట ముగిసిన తరువాత ట్రాక్ మెనూలో స్ప్లిట్ స్టీరియో టు మోనో నొక్కితే గొంతు ఒక వరుసగా, కీబోర్డు మరొక వరుసగా విడిపోతాయి. రెండూ రెండు చెవులకూ వినిపిస్తాయి. ఏది ఎక్కువైతే దానినే తగ్గించుకొనవచ్చును.

ఆదివారము ఆరాధన జరుగుచుండగా మాత్రము ఇలా చేయకండి. స్పీకర్లు అదే మిక్సరు నుండి ఉంటే ఒక వైపు కూర్చున్నవారికి పాటే, మరొక వైపువారికి కీబోర్డే వినబడును.

ఇది నేర్చుకొని మామ్మగారిని మరల పిలిచాము. అప్పటికి ఆయాసము ఎక్కువై ఏడు పాటలే పాడగలిగారు. తక్కిన నాలుగూ మొదటి రికార్డులో ఆ కీబోర్డు వెనుకనే ఉన్నవి.