లెక్క రాయని ప్రయోగం

"నేను చేసి చూశానండీ, నాకు పనిచేసింది." ఈ మాటకి ఎదురు చెప్పడం చాలా కష్టం. చెప్పిన మనిషి కళ్ళెదురుగా ఉంటాడు. బెల్టుకి కొత్త చిల్లు పడి ఉంటుంది. షుగర్ రిపోర్టు ఫోన్లోనే ఉంటుంది, అడక్కపోయినా చూపిస్తాడు. గోపాలపట్నంలో రైతుబజారు దగ్గరో, ఎన్‌ఏడీ వైపు బస్సు కోసం నిలబడ్డప్పుడో ఇలాంటి మనిషి తగలని వారం ఉండదు. ఒకాయన అన్నం మానేశాడు. ఒకాయన ఉప్పు మానేశాడు. ఇంకొకాయన రెండూ తింటాడు గానీ సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టడు. ముగ్గురికీ తగ్గింది. ముగ్గురిలో ఎవర్నడిగినా మిగతా ఇద్దరిదీ తెలివితక్కువతనం అంటారు.

వీళ్ళు ప్రయోగాలు చేస్తున్నారని కాదు నా గొడవ. ఒంటి మీద ప్రయోగం చేసుకునే హక్కు ఎవరికైనా ఉంది. లెక్క రాయడం లేదన్నదే నా గొడవ. రాయకుండానే పక్కవాడికి బోధిస్తున్నారు.

మన దగ్గర ఈ బోధలకి కొదవ లేదు. ఉప్పూ నూనే లేని వంట తినమని మంతెన సత్యనారాయణరాజు గారు చెప్పారు. 2017, 18 ప్రాంతాల్లో వీరమాచినేని రామకృష్ణ గారు వచ్చి రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు అన్నారు. కల్యాణమండపాలు నిండిపోయాయి. ఊరూరా గానుగ నూనె దుకాణాలు వెలిశాయి. ఆ పక్కనే ఖాదర్ వలీ గారి కొర్రలు, అండుకొర్రలు, అరికలు, సామలు, ఊదలు. 2023లో ఆయనకి పద్మశ్రీ కూడా వచ్చింది. (పాడేరు కొండల మీద సామలూ చోళ్ళూ తిన్నవాళ్ళని మన పట్నాలవాళ్ళు తరాల తరబడి చిన్నచూపు చూశారు. ఇప్పుడు అవే గింజలు అందమైన పొట్లాల్లో మన వీధిలోకి వచ్చాయి. ఆ సంగతి ఇంకోసారి.)

ఒకరు నూనె వద్దంటారు, ఒకరు నూనె తాగమంటారు, ఒకరు గింజ మార్చమంటారు. మూడు స్టేజీల మీదా "నాకు తగ్గింది" అని కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళెవరూ అబద్ధం చెప్పడం లేదు. మరి ఒకదానికొకటి పడని మూడు పద్ధతులూ ఒకే ఫలితం ఎలా ఇచ్చాయి? ఆలోచిస్తే పెద్ద రహస్యమేం లేదు. మూడింట్లోనూ కంచంలో తెల్లన్నం గుట్ట తగ్గింది. టీతో బిస్కెట్లు పోయాయి, ఆదివారం బిర్యానీ పోయింది. మనిషి వారానికోసారి తూకం చూసుకోవడం మొదలెట్టాడు. తింటున్నదేమిటో గమనించుకున్నాడు. పని చేసింది నిమ్మకాయా, సామలా, లేక రెండో వడ్డన మానడమా అన్నది స్టేజీ మీది సాక్ష్యం చెప్పలేదు. చెప్పగలిగినట్టు నటిస్తుంది, అంతే.

ఇంకో పెద్ద లోపముంది. మైకు దగ్గరికి ఎవరొస్తారు? తగ్గినవాళ్ళు. మూడో వారంలో కళ్ళు తిరిగి మానేసినవాడు రాడు. ఆర్నెల్ల తర్వాత పోయిన బరువుకి రెండు కిలోలు కలిపి తెచ్చుకున్నవాడు సిగ్గుపడి ఇంట్లో కూచుంటాడు. పైగా వాడికో పేరు పెట్టేశాం: "సరిగ్గా చేయలేదు." చేసి తగ్గితే పద్ధతి గొప్ప, తగ్గకపోతే మనిషి తప్పు. ఏ వైపు పడినా తనే గెలిచే పందెంలో ఎవరు ఓడతారు?

సరిగ్గా మన మండపాలు నిండుతున్న రోజుల్లోనే, 2017 డిసెంబరులో, బ్రిటన్‌లో డైరెక్ట్ అన్న అధ్యయనం ఫలితాలు వచ్చాయి. టైప్ 2 డయాబెటిస్ ఉన్న 306 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి కొన్ని నెలలపాటు రోజుకి సుమారు 850 కేలరీల ద్రవాహారం ఇచ్చారు, రెండో గుంపుకి మామూలు వైద్యం. ఏడాదికి మొదటి గుంపులో 46 శాతం మందికి మందుల్లేకుండా షుగర్ అదుపులో ఉంది. రెండో గుంపులో 4 శాతమే. అంటే తిండితో షుగర్‌ని వెనక్కి నెట్టడం చాలామందికి సాధ్యమే. మనవాళ్ళు వట్టి భ్రమలో లేరు. తేడా ఎక్కడుందంటే, వాళ్ళు మధ్యలో మానేసినవాళ్ళని కూడా లెక్కలో ఉంచారు. రెండో ఏడాది మళ్ళీ పిలిచి చూస్తే 46 కాస్తా 36 అయింది. అదీ దాచలేదు. షుగర్ మాత్రలూ బీపీ మాత్రలూ మొదటిరోజే డాక్టర్లే ఆపించి, మనిషిని కనిపెట్టుకుని ఉన్నారు. ఇన్సులిన్ వాడుతున్నవాళ్ళని అసలు చేర్చుకోలేదు.

మన దగ్గర అంతకు ఎన్నో రెట్ల మంది తమ ఒళ్ళే ప్రయోగశాలగా మార్చుకున్నారు. లెక్క మాత్రం సున్నా. ఈ తప్పు బోధకులొక్కరిదే అంటే నేనొప్పుకోను. మన వైద్యులు ఏం చేశారు? టీవీ చర్చల్లో కూచుని "అశాస్త్రీయం" అని లేచిపోయారు. మంచిదే. మరి అదే వారం మీ క్లినిక్కుకి వచ్చిన పేషెంటు "సార్, నేను ఆ డైట్ చేస్తున్నాను" అంటే తిట్టి పంపారా, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, లిపిడ్ ప్రొఫైల్ రాయించి మూడునెలలకి మళ్ళీ రమ్మన్నారా? తిట్టించుకున్నవాడు రెండోసారి నిజం చెప్పడు. డైట్ మానడు, డాక్టరుకి చెప్పడం మానేస్తాడు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, విశాఖలో వందేళ్ళు దాటిన ఆంధ్ర వైద్య కళాశాల ఉంది. కళ్ళ ముందు జనం స్వచ్ఛందంగా క్యూ కడితే ఒక రిజిస్టరు తెరవడానికి అంత బద్ధకమా?

చెప్పకపోవడంలో ప్రమాదం ఎంతో చూడండి. షుగర్‌కి వాడే డపాగ్లిఫ్లోజిన్ మీద మన దేశంలో పేటెంటు 2020లో ముగిసింది. ఆ మందు చవకైంది, చాలామందికి రాస్తున్నారు. మంచి మందే. కానీ ఆ తరగతి మందులు వేసుకుంటూ అన్నం పూర్తిగా మానేసి కొవ్వు మీద బతికితే రక్తంలో కీటోన్లు ప్రమాదకరంగా పెరగొచ్చు. అప్పుడు షుగర్ మామూలుగానే కనిపిస్తుంది, అదే అసలు మోసం. వాంతులు, ఆయాసం వస్తే మనిషి మీటరు చూసుకుని "షుగర్ బాగుంది కదా" అని పడుకుంటాడు. ఈ మందుల కీటోఎసిడోసిస్ గురించి అమెరికా ఔషధ సంస్థ 2015లోనే హెచ్చరించింది. గ్లిమిపిరైడ్ వేసుకుని ఉపవాసం ఉంటే ఇంకో వైపు ప్రమాదం, షుగర్ పడిపోతుంది. "నాకు పనిచేసింది" అని చెప్పే పెద్దమనిషి, ఎదుటివాడు ఏ మాత్ర వేసుకుంటున్నాడో అడుగుతున్నాడా?

కిడ్నీల సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. గోపాలపట్నంలో ఏ వీధిలో అడిగినా శ్రీకాకుళం వైపు చుట్టరికం ఉన్న ఇల్లు తగులుతుంది. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో దశాబ్దాలుగా వెతుకుతున్నా కారణం ఇదీ అని తేలలేదు. పాడవుతున్నట్టు పైకి తెలీదు, తెలిసేసరికి సగం పోయి ఉంటుంది. అలాంటి ఇంట్లో కుర్రాడు క్రియాటినిన్ పరీక్ష ఒక్కటి చేయించుకోకుండా జిమ్ అన్నయ్య చెప్పాడని డబ్బాలకొద్దీ ప్రొటీన్ పౌడరు తాగుతున్నాడు. కండ కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వద్దని 2024 మే నెలలో పోషకాహార సంస్థ తన మార్గదర్శకాల్లోనే చెప్పింది. జిమ్ గోడ మీద అది కనపడదు.

పౌడరు తర్వాతి మెట్టు సూది. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ వేయించుకున్న కుర్రాడికి నెలలో ఛాతీ వస్తుంది. బయటినుంచి హార్మోన్ వస్తుంటే ఒళ్ళు తన సొంత తయారీ ఆపేస్తుందని, వీర్యకణాలు పడిపోతాయని పెళ్ళయ్యాక తెలుస్తుంది. ఈ పిచ్చి కొత్తదేం కాదు. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే పేరుమోసిన శరీరశాస్త్రవేత్త, 72 ఏళ్ళ వయసులో, కుక్కల, గినీపందుల వృషణాల సారం తనకి తనే ఎక్కించుకున్నాడు. యవ్వనం తిరిగొచ్చిందని శాస్త్రజ్ఞుల సభలో చెప్పాడు. ఆయన మనలాంటివాడు కాదు, చేతి బలం యంత్రంతో కొలిచి రాసుకున్నవాడు. అయినా ఆ నీటి సారంలో హార్మోన్ పనిచేసేంత ఉండే అవకాశమే లేదని తర్వాత తేలింది. పనిచేసింది ఆయన నమ్మకం. కొలిచి రాసుకున్న పండితుడినే సొంత ఒళ్ళు అలా బోల్తా కొట్టించిందంటే, బెల్టు చిల్లు చూసి తీర్పు చెప్పే మన మాట ఎంత?

ఇదంతా ఎవరి వంటింట్లో నడుస్తోందో కూడా చూడాలి. ఆయన అన్నం మానేశాడు. మానేసింది ఆయనొక్కడే. ఆవిడ పిల్లలకి అన్నం, అత్తగారికి మెత్తగా చోడి అంబలి, ఆయనకి కొబ్బరినూనెలో వేయించిన కూర, సాయంత్రం సూపు చేయాలి. మూడు పొయ్యిల ప్రయోగం. స్టేజీ మీద ఆయన "క్రమశిక్షణ" అంటాడు. ఆ క్రమశిక్షణ పొద్దున్నే అయిదింటికి లేచి కూరలు తరిగినావిడది. ఆవిడకి థైరాయిడ్ ఉంటుంది. మాత్ర పరగడుపున వేసుకుని కనీసం అరగంట ఆగి కాఫీ తాగాలి. ఆ అరగంట ఆవిడకి ఎవరిచ్చారు? మాత్ర మింగి అదే గుక్కలో కాఫీ తాగి పొయ్యి ముట్టిస్తుంది. టీఎస్‌హెచ్ పెరిగితే డోసు పెంచుతారు. ఆవిడ మీద ఎవరూ ప్రయోగం చేయరు, ఆవిడ "నాకు తగ్గింది" అని చెప్పే మండపం లేదు.

"మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే" అన్న నినాదం ఎక్కడైనా చెప్పండి గానీ ఇక్కడ కాస్త ఆగి చెప్పండి. స్టీల్‌ప్లాంటులో సీ షిఫ్టుకి వెళ్ళే మనిషికి సాయంత్రం ఆరుకి భోజనం ముగించమని చెప్పడం తేలిక. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ వాయువు పీల్చి 12 మంది పోయారు. వాళ్ళు ఏం తిన్నారో ఎవరూ అడగలేదు.

సింహాచలం గిరి ప్రదక్షిణ ఏటా మా వీధుల మీదుగానే వెళ్తుంది. ఏడాదంతా పాలప్యాకెట్టుకి కూడా బండి తీసేవాళ్ళు ఆ ఒక్క రాత్రి 32 కిలోమీటర్లు నడిచేస్తారు. మొక్కుకి అది చాలు. మోకాలికి, గుండెకి రోజూ అరగంట నడక కావాలి, దాన్ని అమ్మేవాడు లేడు కాబట్టి దానికి సభ జరగదు.

సభలు పెట్టేవాళ్ళకి ఒక్క విన్నపం. వచ్చేసారి మైకు ముందు తగ్గినవాళ్ళని పది మందిని నిలబెడితే, పోయినేడు మీ దగ్గర పేరు రాయించుకుని మానేసినవాళ్ళకీ ఫోన్లు చేయండి. ఎందుకు మానారో, ఏ మందులు వాడుతున్నారో, ఇప్పుడు బరువెంతో అడిగి అదే స్టేజీ మీద చదవండి. నెంబర్లు మీ దగ్గరే ఉన్నాయి కదా, పండక్కి శుభాకాంక్షలు పంపుతూనే ఉన్నారు.