అమ్మ ఫోను ఏది?

మొన్న శనివారం మెల్‌బోర్న్ పడమటి వైపు, టార్నీట్ లో ఒక స్నేహితుడింటికి భోజనాలకి వెళ్ళాం. అక్కడ దేశం నుంచి వచ్చి మూడు వారాలే అయిన కుర్రాడొకడు ప్లేటు పట్టుకుని నా పక్కకి చేరాడు. మాస్టర్స్ చదవటానికి వచ్చాడట. "అన్నా, మీరు సాఫ్ట్‌వేరే కదా, ఫోను మార్చాలనుకుంటున్నా. ఐఫోన్ తీసుకోనా, ఆండ్రాయిడ్ లోనే ఉండిపోనా?" అన్నాడు.

సాఫ్ట్‌వేర్ వాడికి ఈ ప్రశ్న తప్పదు. డాక్టరు పెళ్ళికెళ్తే మోకాలి నొప్పుల గురించి అడిగినట్టే. ఒకప్పుడైతే ఉత్సాహంగా కెమెరా, బ్యాటరీ, ప్రాసెసర్ అంటూ అరగంట వాయించేవాణ్ణి. ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నాను. "ఊళ్ళో అమ్మగారిది ఏ ఫోను?"

ఆ అబ్బాయి నన్ను కొంచెం అనుమానంగా చూశాడు. తప్పులేదు. నేనూ ఈ ప్రశ్న దగ్గరికి తిన్నగా రాలేదు, చెయ్యకూడని పనొకటి చేశాక వచ్చాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజువారీ వాడకానికి రెండూ చాలు. ఫోటోలు రెండిట్లోనూ బాగానే వస్తాయి, బ్యాంకు యాప్ రెండిట్లోనూ ఉంటుంది, మన డ్రైవింగ్ లైసెన్సు కూడా రెండిట్లోనూ పెట్టుకోవచ్చు. అమెరికాలో నీలం బుడగ, ఆకుపచ్చ బుడగ అని పిల్లలు కొట్టుకుంటారట గానీ, మనవాళ్ళంతా ఇక్కడా అక్కడా వాట్సాప్ లోనే ఉన్నారు కాబట్టి మనకా గొడవ లేదు. ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చినవాడు ఫోను ఎంచుకోవాల్సింది తన చేతిని చూసుకుని కాదు, అవతలి చివర ఎవరి చేతిలో ఏముందో చూసి. ఇదీ నా వాదన.

ఇక నేను చేసిన పని. మా అమ్మ తెనాలిలో ఉంటుంది. చదివింది పదో తరగతి. మా మావయ్య కొనిచ్చిన చవక ఆండ్రాయిడ్ ఒకటి ఉండేది ఆవిడ దగ్గర. అందులో గూగుల్ వాళ్ళ చేతిరాత సదుపాయం ఉంది. 2015 లో ఒక విడి యాప్ గా వచ్చింది, తరవాత కీబోర్డులోనే కలిపేశారు. తెర మీద వేలితో రాస్తే అచ్చక్షరాలుగా మారుతుంది. మా అమ్మకి కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కోవటం విసుగు, ఒత్తు కోసం ఏం నొక్కాలో అస్సలు అంతుపట్టదు. వేలితో మాత్రం పలక మీద దిద్దినట్టే గబగబా రాసేసేది. "ఈరోజు తోటకూర పప్పు చేశాను. ఎదురింటి వాళ్ళ గేదె ఈనింది, జున్నుపాలు పంపారు. మీ నాన్నకి ఒక గిన్నె చాలలేదు." ఆవిడ రాత్రి తొమ్మిదికి రాస్తే నాకది అర్ధరాత్రి దాటాక చేరేది. పొద్దున్నే టార్నీట్ లో రైలెక్కి సదరన్ క్రాస్ చేరేలోపు చదువుకునేవాణ్ణి. కొన్ని రోజులు ఏడెనిమిది వాక్యాలు, కొన్ని రోజులు ఒకటే. మూడేళ్ళు అలా నడిచింది.

2022 లో అమ్మకి అరవై నిండాయని ఐఫోన్ కొని, ఇంటికెళ్తున్న స్నేహితుడి చేత పంపించాను. మా ఆవిడదీ నాదీ అదే కాబట్టి ఏదైనా తేడా వస్తే ఇక్కణ్ణించే చెప్పొచ్చని ఒక లెక్క. అందులో ప్రేమ కొంతైతే, నలుగురూ చూస్తారన్న గొప్ప కొంత. అబద్ధం ఎందుకు.

ఆ సంవత్సరమే ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్ కి వాట్సాప్ పాత సందేశాలు తెచ్చుకునే దారి వచ్చింది. కాకపోతే కొత్త ఫోన్ని ఖాళీగా ఉన్నప్పుడే, మొదటిసారి సెటప్ చేసేటప్పుడే అది కానివ్వాలి. నేను ఇంజనీరునే, చదువుకున్నవాణ్ణే, ఆ ముక్క ముందు చదవలేదు. వీడియో కాల్ లో మా మేనల్లుడి చేత హడావిడిగా అన్నీ నొక్కించేసి, తరవాత తలపట్టుకున్నాను. అమ్మ వైపు మూడేళ్ళ మాటలు పోయాయి. నా వైపు ఉన్నాయి కాబట్టి బతికిపోయాం.

అసలు నష్టం అది కాదు. ఐఫోన్ లో తెలుగు కీబోర్డు ఉంది, అక్షరాలు ముచ్చటగా ఉంటాయి. అమ్మకి కావలసిన వేలిరాత మాత్రం అందులో లేదు. అమ్మ నాకా మాట చెప్పలేదు. మొదట్లో తప్పులతో రెండు ముక్కలు వచ్చేవి. తరవాత దణ్ణం బొమ్మలు. ఆ తరవాత పదకొండు సెకండ్ల గొంతు. "నాన్నా, తిన్నావా? ఇక్కడంతా బావున్నాం." వెనక టీవీ. రాసేటప్పుడు గుర్తొచ్చే గేదె, మైకులో మాట్లాడేటప్పుడు గుర్తుకు రాదు. పక్కన నాన్న వింటూ ఉంటే నాన్న గురించి చెప్పటం ఎలాగూ కుదరదు. నాకిది తెలిసేసరికి సంక్రాంతి వచ్చింది. అడిగితే, "దాంట్లో నాకు రాత రావట్లేదురా. ఇంత ఖరీదు పెట్టి పంపావు, చెప్తే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా" అంది.

ఫిబ్రవరిలో తెనాలిలోనే ఒక మామూలు ఆండ్రాయిడ్ కొనిపించాను. అందులోంచి అమ్మ పంపిన మొదటి సందేశం: "క్ష వచ్చింది. జ్ఞ కూడా వచ్చింది."

జ్ఞ అంటే గుర్తొచ్చింది. 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం ప్రపంచంలోని ఐఫోన్లని కూలదోసిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఐఓఎస్ 11.2.5 లో ఆ అక్షరం సందేశంగా వస్తే యాప్ మూసుకుపోయేది. నోటిఫికేషన్ లో కనబడితే ఫోను మొత్తం ఉక్కిరిబిక్కిరి అయ్యేది. పేపర్లు 'జ్ఞా' అనే అక్షరమే బాంబు అన్నట్టు రాశాయి గానీ, అది పూర్తి నిజం కాదు. మామూలుగా రాసుకునే 'జ్ఞానం' వల్ల ఏ ఫోనూ పడలేదు. మనం 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తు చేరకుండా కంటికి కనపడని అడ్డుపుల్ల ఒకటి పెడతాం కదా, అది 'జ్ఞ'కీ దాని దీర్ఘానికీ మధ్యన పడితేనే చిక్కు. అక్కడ అది పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాదు. కానీ రాకూడనిది వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఆ ప్రోగ్రాముకి ఎవరూ చెప్పలేదు. ఆపిల్ వాళ్ళు ఫిబ్రవరి 19 న 11.2.6 విడుదల చేసి సరిచేశారు. వెంటనే చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ వారం మా ఆఫీసులో ఒక ఐరిష్ అతను నా దగ్గరికొచ్చి, "మీ భాష చాలా ప్రమాదకరమైనదట కదా" అన్నాడు. నాకెందుకో కొంచెం గర్వంగానే అనిపించింది.

ఆండ్రాయిడ్ ఏదో పుట్టినప్పటినుంచీ తెలుగు నేర్చుకుని వచ్చిందనీ కాదు. 2012 కి ముందున్న ఆ ఫోన్లలో చాలావాటిలో తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా కనబడేది. ఒపెరా మినీలో ఒక సెట్టింగు మార్చి, అక్షరాలని బొమ్మలుగా తెప్పించుకుని చదువుకున్న రోజులు నాకింకా గుర్తే. నేను టైపింగు నేర్చుకున్నది ఏ ఇన్‌స్టిట్యూట్ లోనూ కాదు, ఇంజనీరింగు రోజుల్లో నెట్ సెంటర్లో లేఖిని తెరుచుకుని, పై పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతూ కింద పెట్టెలో తెలుగు పుడుతుంటే చూస్తూ. ఇప్పటికీ నాలుగు వేళ్ళ కన్నా ఎక్కువ ఆడవు. అందుకే మా అమ్మకి కీబోర్డు ఎందుకు రాదో అర్థం చేసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టడం మరీ సిగ్గుగా ఉంటుంది.

ఇదంతా చదివి ఆండ్రాయిడ్ కి ఓటేశానని సంబరపడకండి. 2025 జనవరిలో అమ్మా నాన్నా ఇక్కడికి వచ్చారు. దిగిన మర్నాడే అమ్మ ఫోన్లో ఇక్కడి సిమ్ము వేశాం. కాసేపటికి సిగ్నల్ పోయింది, ఇక రాలేదు. కంపెనీ పేరు చెప్పను గానీ, వాళ్ళ తప్పు కూడా కాదది. ఈ దేశంలో 3జీ పూర్తిగా మూతపడింది. ఆఖరి రెండు నెట్‌వర్కులు 2024 అక్టోబరు 28 నుంచి ఆపేశాయి. మామూలు కాల్స్ 4జీ మీద చక్కగా వెళ్ళే ఫోన్లు కూడా కొన్ని ఉన్నాయి, అత్యవసరానికి 000 కొడితే మాత్రం 3జీ కోసం వెతుక్కుంటాయి. ఆ 3జీ ఇప్పుడు లేదు. అంటే అంబులెన్సు కావలసిన క్షణంలో ఆ ఫోను మూగబోతుంది. అందుకని 4జీ మీద 000 కి కాల్ చెయ్యలేని ఫోన్లకి అసలు సర్వీసే ఇవ్వకూడదని ఇక్కడ నిబంధన పెట్టారు. ఎక్కువగా దెబ్బతిన్నవాటిలో బయటి దేశాల్లో కొన్న ఫోన్లున్నాయి. ఆండ్రాయిడ్ లో వందల రకాలు, ఒకే పేరుతో దేశానికో వెర్షను. ఏది ఇక్కడి నెట్‌వర్కుకి కుదురుతుందో పెట్టె మీద రాసి ఉండదు. ఐఫోన్ల రకాలు తక్కువ, లెక్కా సులువే.

ఆ రెండు నెలలూ మా ఇంట్లో ఏం జరిగిందంటే, నేను పంపిన ఐఫోన్ అప్పటికి నాన్న యూట్యూబ్ పెట్టెగా మారిపోయి ఉంది. దాన్లో సిమ్ము వేస్తే నిక్షేపంగా పనిచేసింది. వాకింగుకి వెళ్ళేటప్పుడు ఐఫోన్, ఇంట్లో వైఫై మీద అమ్మ రాతకి ఆండ్రాయిడ్. పెద్దవాళ్ళని పిలిపించుకునేవాళ్ళు ఈ విషయం మాత్రం టికెట్టు కొనేముందే చూసుకోండి. నాలాగా విమానాశ్రయం నుంచి వచ్చాక కాదు.

ఇలాంటి తేడా ఇక్కడ ఇంకోసారి కూడా బయటపడింది, దేశం మొత్తానికి. 2020 ఏప్రిల్ 26 న ప్రభుత్వం కోవిడ్‌సేఫ్ అనే యాప్ విడుదల చేసింది. పక్కనున్న ఫోన్లని బ్లూటూత్ తో పసిగట్టి, తరవాత ఎవరికైనా కోవిడ్ అని తేలితే వెతకడానికి. ఐఫోన్ తెర ఆపేసి జేబులో పెడితే లోపల యాప్ లని పెద్దగా పని చెయ్యనివ్వదు. బ్యాటరీకీ గోప్యతకీ అది మంచిదే. కానీ ఈ యాప్ కి కావలసింది సరిగ్గా జేబులో ఉండి పనిచెయ్యటమే. తాళం పడిన రెండు ఐఫోన్లు ఒకదాన్నొకటి సరిగ్గా గుర్తుపట్టలేకపోతున్నాయని ఆ రోజుల్లో ప్రభుత్వ పరీక్షల్లోనే తేలింది. 2022 ఆగస్టులో యాప్ నే ఎత్తేశారు.

ఎవరు మంచివాళ్ళు అనే ప్రశ్న కొందరికి ముఖ్యం. ఆపిల్ మన సమాచారం అమ్ముకోదు, గూగుల్ అమ్ముకుంటుంది అని ఒకరు, గూగుల్ స్వేచ్ఛనిస్తుంది, ఆపిల్ జైల్లో పెడుతుంది అని ఇంకొకరు. ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఇద్దరికీ జరిమానాలు వేసింది. 2018 లో ఆపిల్ కి 90 లక్షల డాలర్లు, బయట రిపేరు చేయించుకున్నారు కాబట్టి మీకు ఏ హక్కూ లేదని కొనుగోలుదార్లకి తప్పు చెప్పినందుకు. 2022 లో గూగుల్ కి 6 కోట్ల డాలర్లు, లొకేషన్ సమాచారం సేకరించే విషయంలో ఆండ్రాయిడ్ వాడేవాళ్ళని తప్పుదారి పట్టించినందుకు. ఎవరికి ఎక్కువ పడిందో చూసి ఫోను కొనాలనుకుంటే మీ ఇష్టం.

ఒకప్పుడు ఐఫోన్ వైపు గట్టి కారణం ఒకటుండేది. ఐదారేళ్ళపాటు కొత్త సాఫ్ట్‌వేర్ అందేది, ఆండ్రాయిడ్ లో రెండు మూడేళ్ళకే వదిలేసేవారు. 2023 లో పిక్సెల్ 8 తో గూగుల్, 2024 లో ఎస్24 తో శాంసంగ్ ఏడేళ్ళు ఇస్తామన్నాయి. ఖరీదైన ఫోన్ల వరకూ ఆ తేడా పోయింది. చవకవాటిలో ఇంకా ఉంది, అమ్మలకి మనం కొనేవి ఎక్కువగా అవే.

నేను పోయినేడాది ఆండ్రాయిడ్ కి మారాను. మా ఆవిడ నవ్వింది. నా కారణం ఒకటే. "నాన్నా, ఇక్కడేదో పసుపు గుర్తు వచ్చింది, నొక్కనా?" అని అమ్మ ఫోన్ చేస్తే, అదే తెర నా చేతిలో ఉండాలి. పాత ఫోన్ తో ఉన్నప్పుడు ఊహించి చెప్పేవాణ్ణి, ఆవిడ ఊహించి నొక్కేది. మా ఆవిడ మాత్రం ఐఫోన్ లోనే ఉంది. హైదరాబాదులో మా అత్తగారూ మావయ్యగారూ ఇద్దరూ ఐఫోన్లే వాడతారు, ఇద్దరికీ ఇంగ్లీషులో కొట్టడం అలవాటు, రాత గొడవ లేదు. నా లెక్క ప్రకారం ఆవిడా సరైన ఫోనే పట్టుకుంది. ఒకే ఇంట్లో రెండు రకాల ఛార్జర్ల బాధ కూడా ఇప్పుడు పోయింది.

ఆ కుర్రాడు కాసేపు పులిహోర కెలుకుతూ ఆలోచించి, "అమ్మది కీప్యాడ్ ఫోనన్నా. చెల్లి ఫోన్ లో నుంచి మాట్లాడుద్ది" అన్నాడు. చెల్లి ఫోను ఏదో తనకి తెలియదట. అక్కడే అడిగి కనుక్కోమన్నాను. అప్పటికి ఊళ్ళో మధ్యాహ్నం మూడవుతోంది. చెల్లి ఎత్తలేదు, ట్యూషన్లో ఉందేమో అన్నాడు.