మంచిపేరు రక్షణ కాదు
గాజువాక కాలనీలలో యువజన సంఘాలు నడిపే ఉచిత ట్యూషన్లకు, వేసవి శిబిరాలకు మీ పిల్లలను పంపండి. కాని నిర్వాహకుల మంచిపేరునే రక్షణగా భావించకండి. 2007 నాటి కేంద్ర ప్రభుత్వ అధ్యయనం ప్రకారం లైంగిక వేధింపులకు పాల్పడినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మకస్థానంలో ఉన్నవారే.

పిల్లలతో నిత్యం మెలిగే సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా విచారించాలని 2020 పోక్సో నియమావళి ఆదేశిస్తోంది. జీతం తీసుకోని సేవకులనూ అలాగే విచారించారా అని అడగండి. సేవకు వచ్చినవారిని ప్రశ్నించడం అవమానం కాదు.

కారణం దొరకని కడుపునొప్పి, మానిన పక్కతడుపు మళ్లీ మొదలవడం, శిబిరానికి వెళ్లనని మొరాయించడం కనిపిస్తే బిడ్డను గద్దించక ఓర్పుగా వినండి. అనుమానం కలిగితే పోలీసులకు గాని, 1098కి గాని తెలపండి. తన కింద పనిచేసేవారి నేరాన్ని తెలిసీ దాచిన నిర్వాహకునికి ఏడాది వరకు జైలుశిక్ష ఉంది. బిడ్డ కన్నా సంస్థ పరువు పెద్దది కాదు.